నల్లకోటు ఉదాహరణ

నల్లకోట్లు ఒక్కొక్కటే మేడమీది నుంచి వచ్చి మెట్లమీద పడుతున్నాయి.

మొదటిది చేతులు బారజాపుకుని పడింది. రెండోది దాని వీపుమీద బోర్లా పడింది. మూడోదాన్ని పెద్దకోడలు గాల్లోనే అందుకుంది.

“ఇంకా ఎన్ని ఉన్నాయండీ? చెప్తే బుట్ట తెచ్చుకుంటాను,” అంది పైకి చూస్తూ.

“అన్నీ తీసుకెళ్ళి తగలెయ్యి!” పెద్దకొడుకు గొంతు మేడగది గోడలకి కొట్టుకుని కిందికి వచ్చింది.

“తగలేస్తే రేపు కోర్టుకి ఏం కప్పుకెళ్తారు? దుప్పటా?”

ఇంకో కోటు వచ్చి పడింది. అదే జవాబు.

చిన్నకోడలు వంటగది గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతిలో సగం ఒలిచిన నారింజపండు. పొద్దున భర్త బజారు నుంచి వస్తూ తెచ్చి, “ఇది నీ ఒక్కదానికే” అని చెవిలో చెప్పి ఇచ్చిన పండు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక ఇలాంటి చిన్న చిన్న దొంగ సంతోషాలకి ఆమె బాగా అలవాటుపడింది. ఆరేసిన బట్టల్లో తన రుమాలూ అతని మేజోడూ ఒకే క్లిప్పు కింద కనిపించినా ఆ పూటంతా తనలో తను నవ్వుకునేది. ఇవాళ మాత్రం ఆ తొక్క వాసన కూడా తప్పు చేసినట్టే తోచింది.

పండు అక్కడే పెట్టేసి వచ్చి ఒక కోటు ఎత్తింది. లోపల, ఎడమవైపు, కళ్ళజోడు పెట్టుకోవడానికి కుట్టిన సన్నటి జేబు. కాపరానికి వచ్చిన కొత్తలో ఆ జేబు చూసి ఎంత ముచ్చటపడిందో! ఎవరు కుట్టారని మాత్రం అడగలేదు. అప్పుడే అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు.

“నువ్వు ముట్టుకోకమ్మా,” అంది పెద్దకోడలు. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. “నువ్వు రాసింది చాల్లే.”

మామగారి గది తలుపు మూసే ఉంది. నిన్నటి నుంచి లోపల ఉలుకూ పలుకూ లేదు.

లాయర్ల కౌన్సిల్లో నియమాల కమిటీకి ఆయన అధ్యక్షుడు. కోర్టు వరండాల్లో చాటుగా ఆయన్ని ‘రూల్సుగారు’ అంటారు. ఈసారి ఆయన కమిటీ ప్రతిపాదించింది ఒకే ఒక్క నియమం. తన పొరపాటు వల్ల కక్షిదారుకి నష్టం జరిగితే, ఆ సంగతి లాయరు తానే, తన నోటితో, ఆ కక్షిదారుకి చెప్పాలి. చెప్పకపోతే క్రమశిక్షణ చర్య; లాయరుగిరీయే పోవచ్చు.

ప్రతి ముసాయిదా నియమం కిందా ఒక ఉదాహరణ రాయడం ఆ కమిటీ పద్ధతి. నియమం చదివి బుర్ర గోక్కునేవాడికి కూడా ఉదాహరణ చదివితే తెలియాలని మామగారి పట్టుదల. రాసిన ముసాయిదాని కోర్టుల నోటీసు బోర్డుల మీద అంటిస్తారు. లాయరు గానీ, కక్షిదారు గానీ, దారిన పోయే మనిషి గానీ, ఎవరైనా విచారణకి వచ్చి అభిప్రాయం చెప్పవచ్చు. ఆ విచారణ రేపే.

కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి మామగారు చెబుతుంటే రాసిపెట్టేది చిన్నకోడలు. ఉదాహరణ కుదరక ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతున్న ఒక మధ్యాహ్నం, ఆమే ఒకటి అల్లి ఇచ్చింది.

‘క’ ఒక న్యాయవాది. ‘ఖ’ కుట్టుపని చేసుకునే మనిషి, అతని కక్షిదారు. ‘ఖ’ తరఫున వేయవలసిన అప్పీలుకి ‘క’ గడువు దాటబెట్టాడు. ఆ సంగతి దాచి, అప్పీలును కోర్టు కొట్టివేసిందని ఆమెతో చెప్పాడు. ఆనాటి నుంచి తన నల్లకోట్లన్నీ ఆమె దగ్గరే కుట్టించుకుంటున్నాడు. ‘క’ ఈ నియమాన్ని ఉల్లంఘించాడు. నల్లకోటు సమాధానం కాదు.

“చివరి వాక్యం బాగుందమ్మా,” అన్నారు మామగారు ఆరోజు. “ఇది నీ ఊహేనా?”

“ఊహే మామయ్యా,” అంది చిన్నకోడలు, ఆ మెప్పుకి ముఖం చేటంత అయి.

నిన్న కోర్టు క్యాంటీన్లో ఒక కుర్ర లాయరు పెద్దకొడుకు కోటు అంచు పట్టుకుని, “సార్, ఇది ‘ఖ’ కుట్టిందేనా?” అని అడిగాడు. చుట్టూ బల్లలన్నీ గొల్లున నవ్వాయి. సందు చివర మెట్లకింది గదిలో ఉండే టైలరమ్మ దగ్గరికి జూనియర్లందర్నీ ఏళ్ళ తరబడి తోలుతున్నది పెద్దకొడుకే. ఆ లోపలి జేబు ఆ కోర్టులో సగంమందికి ఉంది.

ఆయన సగం తాగిన కాఫీ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాడు.

*

“రేడియో,” అన్నాడు చిన్నకోడలి భర్త వంటగదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి.

ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుందని అతను పెట్టిన ముద్దుపేరే అది. నిన్నటిదాకా ఆ పిలుపుకి ఆమె చెంపలు ఎర్రబడేవి. ఇవాళ కళ్ళు ఎర్రబడ్డాయి.

“అలా పిలవకు.”

“మరేమని పిలవను? నేనొక కథ చెప్తే నువ్వు దాన్ని నోటీసు బోర్డెక్కించావు.”

“కథ అని చెప్పింది నువ్వే! ఎవరో లాయరుట, పాపం అన్నావు. మీ అన్నయ్య అని ఒక్క ముక్క అన్నావా?”

“అంటే నువ్వు ఆయన ముఖం చూడగలిగేదానివా?”

“చూడలేకపోతే చూడలేకపోయేదాన్ని. రాయకుండా మాత్రం ఉండేదాన్ని.”

పొయ్యి మీద కాఫీ నీళ్ళు మరుగుతున్నాయి. ఇద్దరూ వాటినే చూస్తూ నిలబడ్డారు.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ బస్సులో వెళ్తున్నారు. వాన. కిటికీ అద్దం మూతపడక ఆమె భుజం తడిసిపోతుంటే అతను తన కోటు తీసి అద్దానికి అడ్డం పెట్టాడు. ఆ కోటు మీద నుంచే కథ మొదలైంది. గడువు మర్చిపోయిన లాయరు, ఏమీ తెలియని టైలరమ్మ, అవసరం లేకపోయినా కుట్టించుకుంటున్న కోట్లు. “ఎంత మంచివాడో పాపం!” అని ఆమె ఏడ్చింది కూడా. ఆ రోజు తడిసిన చీర, అతని వేళ్ళ వెచ్చదనం, కిటికీలోంచి ముఖాన పడిన చినుకులు, అన్నీ ఆమె ఎంతో అపురూపంగా దాచుకుంది. ఆ మూటలోంచే ఇది బయటపడింది.

“అన్నయ్య ఆఫీసులో పనిచేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది,” అన్నాడు అతను నెమ్మదిగా. “నాకొక్కడికే తెలుసు. ఆయన నాకు చెప్పి, ‘ఎవరితోనూ అనకురా’ అన్నాడు.”

“మరి నాతో ఎందుకన్నావు?”

“నువ్వు ఎవరో ఒకరివని నాకు అనిపించలేదు.”

ఆ మాట ఇంకెప్పుడైనా అని ఉంటే ఆమె పొంగిపోయేది.

“ఇప్పుడు అనిపిస్తోందా?” అంది.

అతను కాఫీ కప్పులు వరసగా పెట్టాడు. ఒకటి ఎక్కువ పెట్టి మళ్ళీ తీసేశాడు.

*

ఇద్దరూ కాఫీ పట్టుకుని వెళ్ళేసరికి మామగారి గది తలుపు తెరిచి ఉంది. మామగారు కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నారు, వెలుగు కళ్ళలో పడకుండా. పెద్దకొడుకు కోటు లేకుండా చొక్కాతోనే నిలబడ్డాడు. పెద్దకోడలు మంచం అంచు మీద కోట్ల గుట్ట పెట్టుకుని, ఒక్కొక్కటీ దులిపి మడతపెడుతోంది.

“వెనక్కి తీసుకోండి నాన్నగారూ. ఆ ఉదాహరణ ఒక్కటీ,” అంటున్నాడు పెద్దకొడుకు. “మీరు అధ్యక్షులు. ఒక్క మాట చాలు.”

“కారణం చెప్పకుండా తియ్యడానికి లేదు.”

“అచ్చు తప్పు అనండి.”

“మనిషి మొత్తం అచ్చు తప్పా?”

పెద్దకోడలు నవ్వబోయి ఆపుకుంది. ఆ నవ్వు గొంతులోనే ఏడుపైంది.

“పోనీ ఊహించి రాశామని చెప్పండి. రేపు ఎవరైనా లేచి అడిగితే అంతే చెప్పండి.”

“అడుగుతారు. క్యాంటీన్లో నవ్వినవాళ్ళు విచారణలో ఊరుకుంటారా? ఉదాహరణ ఊహా నిజమా అని అడిగితే అధ్యక్షుడు జవాబు చెప్పాలి. నిన్నటిదాకా నేనూ ఊహే అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. తెలిశాక ఎలా చెప్పను?”

“కొడుకు కోసం చెప్పలేరా?”

మామగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎంతసేపటికీ మళ్ళీ పెట్టుకోలేదు.

“ఇంకా అది నియమం కాలేదుగా,” అన్నాడు పెద్దకొడుకు, గొంతు మార్చి. లాయరు గొంతు అది. “రేపటి విచారణ అవ్వాలి. మళ్ళీ కమిటీ కూర్చోవాలి. కౌన్సిల్ ఓటు వెయ్యాలి. ఆపైన హైకోర్టు సరే అనాలి. అప్పటికి గానీ అది నియమం కాదు. లేని నియమాన్ని నేనెలా ఉల్లంఘించానండీ?”

“ఉల్లంఘించలేదు. తప్పు చేశావు. అలాంటివి జరుగుతున్నాయనేగా నియమం రాసేది.”

చిన్నకోడలు చేతిలో పళ్ళెం మీద కప్పులు చిన్నగా గలగలలాడాయి. ఎవరూ అందుకోలేదు.

“ఎందుకు దాటిపోయింది గడువు?” అని అడిగారు మామగారు. “ఒంట్లో బాగోలేదా? ఇంకేదైనా కేసు మీద పడిందా?”

“లేదు.”

“మరి?”

“మర్చిపోయాను నాన్నగారూ. కారణం కూడా లేదు. ఉంటే ఆరోజే చెప్పేసేవాణ్ణి. ఆవిడ వచ్చి, ‘ఏమైంది బాబూ’ అని అడిగింది. కొట్టేశారమ్మా అన్నాను. నోటికి అదొచ్చింది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాకూ వచ్చాయి. నన్నే ఓదార్చి వెళ్ళింది.”

“ఆ కేసు ఆవిడ కొట్టు గురించేగా? అదేమైంది?”

“పెద్ద వీధిలో కొట్టు ఖాళీ చేయించేశారు. ఇప్పుడు ఆ మెట్లకింద కుడుతోంది. నిలబడితే తల తగులుతుంది.”

పెద్దకోడలు చేతిలో కోటు అలాగే ఉండిపోయింది. భర్త ముఖం వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. “ఇన్నాళ్ళూ మంచి దర్జీ అని వెళ్తున్నారనుకున్నాను,” అంది. “పండక్కీ పబ్బానికీ కూడా కాదు, ఊరికే కుట్టించుకుంటుంటే, సోకు ఎక్కువని మా అమ్మకి కూడా చెప్పి నవ్వాను.”

పెద్దకొడుకు ఆ మాట విననట్టే ఉన్నాడు. అతని చూపు గుమ్మం వైపు తిరిగింది.

“అది రాసిందెవరు?”

“సంతకం నాది,” అన్నారు మామగారు వెంటనే.

“సంతకం మీదే. అల్లిందెవరు?”

చిన్నకోడలు పళ్ళెం బల్లమీద పెట్టింది.

“నేనే బావగారూ. మామయ్య ఊహేనా అని అడిగితే అవునని అబద్ధం చెప్పాను. మెచ్చుకుంటారని.”

పెద్దకొడుకు ఆమెని ఒక్క మాట కూడా అనలేదు. ఆమెని దాటి, వెనక నిలబడ్డ తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడు తల దించుకున్నాడు.

“నీకొక్కడికే చెప్పానురా,” అన్నాడు. అంతే అన్నాడు.

“అన్నయ్యా...”

“నీ చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి వస్తే, నేనే పగలగొట్టానని నాన్నతో చెప్పాను. గుర్తుందా?”

“ఉంది.”

“ఎందుకు గుర్తు చేశానో నాకే తెలియదు. వదిలెయ్.”

“ఇంట్లో పెళ్ళానికి కూడా కక్షిదారుల సంగతులు చెప్పకూడదని ఇంకో నియమం రాయించండి మామయ్యగారూ,” అంది పెద్దకోడలు, కోటుని మళ్ళీ మడతపెడుతూ. “పనిలో పని.”

“అది ఉందమ్మా,” అన్నారు మామగారు. “ఎప్పటినుంచో ఉంది.”

భర్త ముఖం పాలిపోవడం చిన్నకోడలు చూసింది. తన ముద్దుపేరు, తన బస్సు, తన వాన, అన్నీ ఏదో ఒక నియమం కిందికి వస్తాయని ఆమెకి అప్పుడే తెలిసింది.

“ఆవిడకి చెప్పు,” అన్నారు మామగారు పెద్దకొడుకుతో. “రేపు నేనేం చెప్పాలో అప్పుడు తేలిగ్గా ఉంటుంది. నోటీసు బోర్డు చూసి తెలుసుకోనివ్వకు. కమిటీలో వాళ్ళు ‘తెలియజేయవలెను’ అని రాద్దామన్నారు. ఉత్తరం పడేసి చేతులు దులుపుకుంటారని నేనే ఒప్పుకోలేదు. తన నోటితో అని పట్టుబట్టి రాయించాను. నీకోసమని తెలియదు నాకు.”

“చెప్తే ఆవిడ ఫిర్యాదు చేస్తుంది. నా పని పోతుంది.”

“చెయ్యవచ్చు. అది ఆవిడ ఇష్టం.”

“మీరు తండ్రేనా?”

మామగారు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. డాక్టరు ఆ వెలుగు చూడొద్దన్నాడు. చూస్తూనే ఉన్నారు.

పెద్దకొడుకు మేడమీదికి వెళ్ళిపోయాడు. గది తలుపు ధన్‌మని పడుతుందని అందరూ ఎదురుచూశారు. పడలేదు. నెమ్మదిగా మూసుకున్న చప్పుడు వినిపించింది. అది ఇంకా భయంగా ఉంది.

*

సాయంత్రం గంట మోగితే చిన్నకోడలే వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మంలో ఒక పెద్దావిడ. మెడలో కొలత టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. చేతిలో తెల్ల గుడ్డలో చుట్టిన మూట. చెప్పులు విప్పుతూనే, “లాయరు బాబు ఉన్నారామ్మా? కోటు అయిపోయింది. రేపు సభ ఉందటగా, కొత్తది వేసుకుంటారని పరుగున కుట్టేశాను,” అంది.

చిన్నకోడలు ఆ మూట వైపు ఒకసారి చూసింది. పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

“నువ్వేనా చిన్నకోడలివి? మీ బావగారు చెప్తూ ఉంటారు. మా ఇంటికి బొమ్మలాంటి పిల్ల వచ్చింది, వాక్యం రాస్తే ముత్యాలు పేర్చినట్టుంటుంది అని. ఆ ముత్యాలు నాకూ కాస్త కావాలి తల్లీ.”

“నా... నా రాతా?”

“ఆఁ. నేను అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ, పెద్దవాళ్ళ ముందు చదివేలా రాయలేను.” హాల్లో కుర్చీ అంచున కూర్చుంది ఆవిడ. గొంతు తగ్గించింది. “కొలతలకొచ్చిన కుర్రాళ్ళు నవ్వుకుంటున్నారమ్మా. మా లాయరు బాబు మీద ఎవరో ఏదో రాసి గోడకి అంటించారట. టైలరమ్మట, కోట్లట, మోసమట! ఎవరైనా రేపు వచ్చి మాట్లాడొచ్చటగా? నేనొస్తాను. ఆ రాసినవాళ్ళ ముఖం మీదే చెప్తాను.”

పెద్దకోడలు వంటగది గుమ్మంలోకి వచ్చి గోడ పట్టుకుంది. మామగారి గది తలుపు కొంచెం తెరుచుకుంది. చిన్నకోడలి భర్త మేజోళ్ళతోనే వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

“రాసుకో అమ్మా.”

చిన్నకోడలు కాగితం తీసుకుంది. ఏం చెయ్యాలో తెలియక తీసుకుంది. మామగారి ముసాయిదా రాసిన కలమే అది.

“నేను కుట్టుపని చేసుకుంటాను అని రాయి. రాశావా? ఈ లాయరు గారు నా కేసు చూశారు. ఓడిపోయాం. ఓడిపోతే ఆయనేం చేస్తారు? కోర్టు కొట్టేసింది. ఆరోజు నాకంటే ఎక్కువ ఆయనే ఏడ్చారు. ఓడిపోయిన దానికి ఇన్నాళ్ళూ నన్ను విడిచిపెట్టకుండా చూసుకుంటున్నారు.” ఆవిడ ఆగింది. మంచి మాట ఏరుకుంటున్నట్టు కాసేపు ఆలోచించింది. “ఇప్పుడిది పెద్ద అక్షరాలతో రాయి. ‘మా లాయరు గారు నాకు ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు.’”

కలం కాగితం మీద ఆగిపోయింది.

చెప్పెయ్యాలని చిన్నకోడలికి నాలుక చివరిదాకా వచ్చింది. రెండు ముక్కలు చాలు. కానీ ఒకసారి తనది కాని కథ చెప్పినందుకే కదా ఇల్లు ఇలా అయింది! పోనీ రాసేద్దామా అంటే, చెయ్యి కదలడం లేదు.

“ఏమ్మా, అక్షరం రాలేదా?”

“వచ్చిందండీ,” అంది చిన్నకోడలు. కలం పక్కన పెట్టింది. లేచి మెట్ల దగ్గరికి వెళ్ళింది. “బావగారూ,” అని పిలిచింది. “టైలరమ్మగారు వచ్చారు. మీరు ఆవిడకి ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదని రాయమంటున్నారు. రాయమంటారా?”

పైన తలుపు తెరుచుకుంది. పెద్దకొడుకు ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. చివరి మెట్టు మీద ఇంకా ఒక నల్లకోటు పడి ఉంది. దాన్ని తొక్కకుండా దాటాడు.

టైలరమ్మ అప్పటికే మూట విప్పింది. “అయ్యో, చిక్కిపోయారేం బాబూ! కొలత తప్పుతుందేమో. ఏదీ, ఒక్కసారి వెయ్యనివ్వండి,” అంటూ వెనక్కి వెళ్ళి, కోటు రెండు భుజాలూ పట్టుకుని నిలబడింది.

అలవాటైన చెయ్యి. అదంతటదే వెనక్కి వెళ్ళి కోటు కుడి చేతిలో దూరిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం పక్కనే వేలాడుతూ ఉండిపోయింది.

మామగారు తలుపు దగ్గర నిలబడి, మసకగా కనబడుతున్న కొడుకు వీపునే చూస్తున్నారు. చిన్నకోడలి భర్త ఆమె చెయ్యి వెతుక్కున్నాడు. ఆమె ఇచ్చింది.

“టైలరమ్మా,” అన్నాడు పెద్దకొడుకు, ఎదుటి గోడని చూస్తూ. “ఆరోజు నేను నీతో కోర్టు కొట్టేసిందని...”

“చెబుదురుగాని బాబూ,” అంది ఆవిడ, అతని భుజం మీది ముడతని అరచేత్తో సర్దుతూ. “ముందు ఆ రెండో చెయ్యి కూడా పెట్టండి.”